ఆర్సీ లేకుండా పక్క రాష్ట్రంలో కొన్న పాత కారు: రిజిస్ట్రేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాది అంబాసిడర్ మార్క్ 2, 1974 మోడల్. బళ్ళారి దగ్గర ఒక రైసు మిల్లు షెడ్డులో పదకొండేళ్లు నిలబడిపోయిన బండి. ఆర్సీ లేదు. దాన్ని అనంతపురం తెచ్చుకుని ఏపీ నంబరు వేయించేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పటినుంచి పాత బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. పద్మిని కొన్నాం, హెరాల్డ్ కొన్నాం, కాగితాలు లేవు, ఏం చేయాలి అని అడుగుతారు. అందరికీ చెప్పేదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఇంజను, రేకు బాగున్న బండి ఒక్క కాగితం లేక తుక్కులోకి పోతుంటే నాకు చూడబుద్ధి కాదు.

అసలు ఆర్సీ లేని కారు మన పేరు మీదికి వస్తుందా?

వస్తుంది. కాకపోతే దారి ఒక్కటే. బండి ఏ రాష్ట్రంలో, ఏ ఆఫీసులో రిజిస్టరయ్యిందో అక్కడికే ముందు వెళ్లాలి. రికార్డులో పేరున్న ఓనరు, లేదా ఆయన వారసులు, డూప్లికేట్ ఆర్సీకి దరఖాస్తు పెట్టాలి. అది వచ్చాక అదే ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోవాలి. ఆ రెండూ చేతికొచ్చాకే మన రాష్ట్రంలో పేరు మార్పు, కొత్త నంబరు. ఈ వరస తప్పితే ఎక్కడో ఒకచోట ఫైలు ఆగిపోతుంది. నేను మొదట మన ఆఫీసుకే పోయి మూడు నెలలు పోగొట్టుకున్నాను.

"ఆర్సీ లేకపోయినా ఇక్కడే కొత్త బండిలాగా రిజిస్టర్ చేయిస్తా" అని ఎవరైనా అంటే ఆ మనిషికి రూపాయి ఇవ్వకండి. ఒకసారి రిజిస్టరైన బండిని కొత్తదిగా చూపించడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. ఆ కాగితం ఎన్నాళ్లకు బయటపడినా ఆ రోజు బాధ్యత మీదే.

"ఆర్సీ పోయింది, పది రోజుల్లో తెప్పిస్తా" అంటున్నాడు. డబ్బు ఇచ్చేయొచ్చా?

నేను ఇచ్చాను. మధ్యవర్తి నా చేతిలో పెట్టింది ఆర్సీ బుక్కు మొదటి పేజీ జిరాక్సు, సంతకం మాత్రమే ఉన్న ఖాళీ పేరు మార్పు ఫారాలు, అంటే ఫారం 29, ఫారం 30. పది రోజులు అయ్యాయి, నెల అయ్యింది, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. తీరా చూస్తే ఆ సంతకం చేసిన ఓనరు ఎప్పుడో చనిపోయారు. బండి ఆ తర్వాత ముగ్గురి చేతులు మారింది. ఆ ముగ్గురిలో ఒక్కరూ పేరు మార్పించుకోలేదు.

పాత బండ్లలో ఇది మామూలుగా జరిగేదే. ఖాళీ ఫారాలు చేతులు మారుతూ పోతాయి, రికార్డులో మాత్రం మొదటి పేరే ఉంటుంది. మధ్యలో ఎంతమంది కొన్నారన్నది ఆఫీసుకు అక్కర్లేదు. రికార్డులో ఉన్న మనిషి, ఆయన సంతకం, ఇవి చాలు.

కాబట్టి బయానా మాత్రం ఇవ్వండి. మిగతాది డూప్లికేట్ ఆర్సీ చూపించిన రోజు ఇస్తానని స్టాంపు కాగితం మీద రాయించుకోండి. అందులో బండి నంబరుతో పాటు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, అమ్మే మనిషి ఆధార్ వివరాలు రాయాలి. స్టాంపు కాగితం ఉన్నంత మాత్రాన ఆర్టీఓ దగ్గర బండి మీదైపోదు. రేపు డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే మాత్రం అదే మీకు ఆధారం.

బేరం ఆడకముందు ఏం చూడాలి?

ఛాసిస్ నంబరు. రంగు, టైర్లు, సీట్లు తర్వాత.

బానెట్ ఎత్తి నంబరు పలక వెతకండి. గ్రీజు, దుమ్ము కిరసనాయిలు గుడ్డతో తుడవండి. ఇసుక కాగితం పెట్టి గీకొద్దు, అంకె అరిగిపోతే ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. తుడిచాక పల్చటి తెల్లకాగితం పరిచి, పెన్సిల్‌ను బాగా వాల్చి నెమ్మదిగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే కాగితం మీదికి తేలతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. నా బండిలో ఒక అంకె దగ్గర చిక్కొచ్చింది. జిరాక్సులో 3 అని ఉంది, నాకేమో 8 లాగా కనిపించింది. నాలుగు కాగితాలు రుద్దాను. చివరికి సాయంత్రం ఎండ ఏటవాలుగా పలక మీద పడినప్పుడు చూస్తే ఎడమవైపు సున్నా చుట్టు స్పష్టంగా కనబడింది. అది 8. ఎప్పుడో ఎవరో కొత్త బుక్కు రాసేటప్పుడు 3 అని రాసేశారన్నమాట. ఆ ఒక్క అంకెను ఆ రోజు పట్టుకోకపోయి ఉంటే తర్వాత ప్రతి ఫారం మీదా తప్పే పడేది.

పలక చుట్టూ కొత్త వెల్డింగు ఉన్నా, రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా బేరం అక్కడే ఆపేయండి. ఎంత ముచ్చటైన బండి అయినా సరే. తర్వాత జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో నంబర్లు ఇచ్చి, దొంగిలించిన బండ్ల జాబితాలో ఉందేమో చూడండి. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ దగ్గర పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అది నేరం.

ఓనరు ఎవరో తెలియదు. ఎలా పట్టుకోవాలి?

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. మీ డబ్బు నిలుస్తుందా పోతుందా అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది.

ముందు నంబరు ప్లేటు చదవండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు బండ్లకు ఎక్కువగా మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత నాలుగంకెల దాకా నంబరు ఉండేవి. మన దగ్గర ఏపీకే, ఏడీఎం లాంటివి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తుంటాయి. ఆ అక్షరాలను బట్టి ఏ జిల్లా ఆఫీసో తెలుస్తుంది. మీకు తెలియకపోతే ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీఓ ఆఫీసు ముందరైనా ఫారాలు నింపే ముసలాయనను అడగండి, చూడకుండానే చెప్తాడు.

బండి వయసుతో పాటు సరిహద్దుల చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. 1953 అక్టోబరు 1కి ముందు కర్నూలు, అనంతపురం, బళ్ళారి అన్నీ మద్రాసు రాష్ట్రమే. 1956 నవంబరు 1 వరకు రాయచూరు, గుల్బర్గా, బీదర్, ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1950ల నాటి ల్యాండ్‌మాస్టర్ కారు దొరికితే దాని మొదటి రిజిస్ట్రేషన్ ఇప్పుడు మీరనుకునే రాష్ట్రంలో కాకపోవచ్చు.

ఆఫీసు తెలిశాక ఆ నంబరుకు రిజిస్టర్ వివరాలు కావాలని దరఖాస్తు పెట్టండి. కర్ణాటకలోనూ మన దగ్గరా దీన్ని బీ ఎక్స్‌ట్రాక్ట్, బీ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. ఓనరు పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, టాక్సు ఎంతవరకు కట్టారు, అప్పు ఏమైనా ఉందా, అన్నీ అందులో ఉంటాయి. కౌంటరులో పని జరగకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వ్యక్తిగత సమాచారం అని కొంత దాచినా, ఆ నంబరుకు రికార్డు ఉందా లేదా అన్నదైనా తేలుతుంది.

నా విషయంలో కంప్యూటరులో ఏమీ లేదు. రికార్డు గదిలో పనిచేసే పెద్దాయన ఒకరు మూడోసారి వెళ్లిన రోజు జాలిపడి, అట్టకు గుడ్డ అంటించిన పెద్ద లెడ్జరు కిందికి దించారు. ఒక్కో పేజీ రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది, అంచులు అప్పడంలా విరిగిపోతున్నాయి. నీలం సిరా గోధుమ రంగుకు తిరిగింది. మా బండి నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వీధి, వాటి పక్కనే ఛాసిస్ నంబరు. అందులో 8 ఉంది. నేను నా పెన్సిల్ కాగితం తీసి పక్కన పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండూ చూసి, "సరిపోయింది, రాసుకో" అన్నారు, తెలుగులోనే.

ఆన్‌లైన్‌లో నంబరు కొడితే వివరాలు లేవంటోంది. అంటే దొంగ బండా?

కాదు. కంప్యూటర్లు రాకముందు రిజిస్టరై, ఆ తర్వాత ఏ పనికీ ఆఫీసుకు రాని బండ్ల వివరాలు పోర్టల్లోకి ఎక్కి ఉండవు. పాత లెడ్జరు చూసి వాళ్లే ఎక్కించాలి, దాన్ని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది కానిదే డూప్లికేట్ ఆర్సీ దరఖాస్తు ముందుకు కదలదు. ఎంట్రీ చేసే రోజు పక్కనే నిలబడి ఒక్కో అంకె చదివించుకోండి. పేరులో అక్షరం తప్పు పడినా దాన్ని దిద్దించడం మళ్లీ ఒక ఫైలు.

ఓనరు బతికే ఉన్నారు, కానీ "నేను ఎప్పుడో అమ్మేశాను, నాకేం సంబంధం" అంటున్నారు.

కోపగించుకోకండి. పాతికేళ్ల కింద వదిలించుకున్న బండి గురించి ఎవరో వచ్చి సంతకాలు అడిగితే ఎవరికైనా భయమే. ఆయనకు చెప్పాల్సింది ఒక్కటే. రికార్డులో పేరున్నంతవరకు చట్టం దృష్టిలో ఓనరు ఆయనే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. అక్కడ కూడా బండి అమ్మి, చేతులు మారి, ఆ తర్వాత ప్రమాదం జరిగింది. పేరు మారలేదు కాబట్టి రిజిస్టర్డ్ ఓనరే పరిహారానికి బాధ్యుడు అంది కోర్టు. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది ఆయన ఇంటికే. ఈ సంతకాలతో ఆయనకు ఆ బెడద వదులుతుంది. ఈ మాట నెమ్మదిగా చెప్తే చాలామంది వింటారు. ఆఫీసుకు రానూపోనూ ఖర్చు మీరే పెట్టుకోండి, పెద్దవాళ్లయితే కారులో తీసుకెళ్లి తీసుకురండి.

ఓనరు చనిపోయారు. ఇప్పుడు?

వారసుల్లో ఒకరి పేరు మీదికి ముందు మార్చాలి. దానికి ఫారం 31. దాంతోపాటు మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అంగీకారం. వారసుల పత్రం తహసీల్దారు ఆఫీసులో తీసుకోవాలి. మన దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంటాం, తమిళనాడులో లీగల్ హెయిర్ సర్టిఫికెట్. చట్టం ప్రకారం వారసులు 30 రోజుల్లో కబురు ఇవ్వాలి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. ఇరవై ఏళ్లు దాటిన కేసుల్లో ఆలస్యానికి రుసుము కడితే ఫైలు తీసుకుంటారు.

నేను బళ్ళారిలో లెడ్జరు చిరునామా పట్టుకుని వెళ్తే ఆ ఇంట్లో ఓనరు కొడుకు ఉన్నారు, అరవై దాటిన మనిషి. వరండాలో కుర్చీ వేసి, "ఏ బండి అన్నా?" అని అడిగి, నంబరు చెప్పగానే లోపలికి పోయి అమ్మను పిలుచుకొచ్చారు. ఆమె మొదటిసారి మంత్రాలయం వెళ్లింది ఆ బండిలోనేనట. ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఒక చెల్లెలు హుబ్బళ్ళిలో ఉంటుంది. ఆమె సంతకం కోసం ఆయనే నాతో వచ్చారు. మనిషిని మర్యాదగా అడిగితే ఎంత పని జరుగుతుందో నాకు అక్కడ తెలిసింది. నోటీసుతో మొదలుపెట్టి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది కాదు.

డూప్లికేట్ ఆర్సీకి ఏమేం కావాలి?

ఫారం 26. పోయిందని పోలీసు స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు, వాళ్లిచ్చే కాగితం. అఫిడవిట్, ఓనరు గుర్తింపు పత్రాలు, పెన్సిల్ ప్రింట్. దరఖాస్తు ఓనరు పేరు మీదే పెట్టాలి, మీ పేరు మీద కుదరదు. ఆర్సీ నిజంగా పోయి ఉండాలి, ఇదీ ముఖ్యం. ఫైనాన్స్ వాళ్ల దగ్గరో పోలీసుల దగ్గరో ఉన్నదాన్ని పోయిందని రాసిస్తే అది అబద్ధపు ప్రమాణం అవుతుంది.

రికార్డులో పాత బ్యాంకు అప్పు కనిపిస్తోంది. ఆ బ్యాంకే ఇప్పుడు లేదు.

బ్యాంకు మూతపడలేదు, ఇంకోదానిలో కలిసిపోయి ఉంటుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిశాయి. విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు అదే ఏడాది కెనరాలో. ఇప్పుడున్న బ్యాంకు ఆ ఊరి బ్రాంచికి వెళ్లి, బాకీ లేదన్న ఉత్తరం, ఫారం 35 మీద సంతకం, ముద్ర తీసుకోవాలి. రికార్డులో ఈ అప్పు రద్దు కాకుండా డూప్లికేట్ ఆర్సీకీ ఎన్‌ఓసీకీ బ్యాంకు అనుమతి అడుగుతారు. ప్రైవేటు చిట్టీ, ఫైనాన్స్ సంస్థ అయ్యి పూర్తిగా మాయమైపోతే వకీలును కలవక తప్పదు.

ఎన్‌ఓసీ ఎవరు ఇస్తారు, ఎన్నాళ్లు పడుతుంది?

పాత రాష్ట్రంలో ఆర్సీ ఇచ్చిన ఆఫీసే, ఫారం 28 మీద. బండి దొంగతనం కేసులో లేదని పోలీసు నివేదిక, టాక్సు బాకీ లేదన్న లెక్క చూసుకుని ఇస్తారు. 48వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి. ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. అయినా ఆ మాట పట్టుకుని కాగితం లేకుండా మన ఆఫీసుకు రాకండి. ఇక్కడ వాళ్లు కాగితమే అడుగుతారు. దరఖాస్తు ఇచ్చిన రసీదు మాత్రం భద్రంగా ఉంచండి.

రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. రెన్యువల్ అవుతుందా?

బండి బాగుంటే అవుతుంది. సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని స్వయంగా చూస్తారు, కాబట్టి ముందు రిపేరు, తర్వాత దరఖాస్తు. బ్రేకులు, హ్యాండ్ బ్రేకు, లైట్లు, హారను, వైపర్లు, స్టీరింగులో ఆట, ఇవి సరిచేయించండి. రంగు గురించి ఆయన అడగరు.

ఫీజులు బాగా పెరిగాయి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు 5,000 రూపాయలు చేశారు, ఆలస్యానికి నెలకు 500. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 అయ్యింది. ఈ రేట్లు మారుతూనే ఉన్నాయి, కట్టే రోజు పోర్టల్‌లో చూసుకోండి. ఆలస్యపు రుసుము కలిస్తే బండి ధరకు దగ్గరగా పోవచ్చు, బేరంలో ఆ మొత్తం తగ్గించి అడగండి.

రాష్ట్రం దాటి వచ్చాక ఇక్కడ చేయాల్సినవి?

ఎన్‌ఓసీ, ఆర్సీ, ఫారం 29, ఫారం 30, కొత్త నంబరుకు ఫారం 27, మీ పేరు మీద ఇన్సూరెన్స్, చిరునామా రుజువు. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ, లైఫ్ టాక్సు. బండి వయసు పెరిగేకొద్దీ టాక్సు శాతం తగ్గుతుంది. వేరే రాష్ట్రంలో కొన్న బండికి అమ్మినవారు 45 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. పేరు మార్చుకోకుండా పాత రాష్ట్రం నంబరుతోనే తిప్పుకుందాం అనుకుంటే 12 నెలలు దాటాక కొత్త నంబరు తీసుకోవడం తప్పనిసరి. ఆంధ్రలో ఏపీతో మొదలయ్యే నంబరు వస్తుంది, తెలంగాణలో 2024 మార్చి నుంచి టీజీ.

బండికి 50 ఏళ్లు దాటాయి. వింటేజ్ కింద అయితే ఆర్సీ అక్కర్లేదట కదా?

ఇది నాకు ఎక్కువసార్లు వచ్చే ఫోన్. కాదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో ఇండియాలో ఇంతకుముందే రిజిస్టరైన బండికి పాత ఆర్సీ జతచేయాలనే ఉంది. విదేశం నుంచి వచ్చిన బండికైతే కస్టమ్స్ కాగితం. అంటే ఆర్సీ వెతుకులాట ఇక్కడా తప్పదు.

మిగతా వివరాలు: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. సొంత వాడకం బండ్లకే వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. అయితే ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, ఇంతవరకే.

నా అంబాసిడర్‌కు వయసు సరిపోతుంది. అయినా నేను వింటేజ్‌లోకి మార్చలేదు. ఆదివారం లేపాక్షి దాకా పోయి రావాలి, అక్కడ చెట్టుకింద పులిహోర తినాలి. అంతమాత్రం కూడా కుదరనప్పుడు బండి నా దగ్గర ఉండి ఏం లాభం. రేపు ఎప్పుడైనా పూర్తిగా ప్రదర్శనకే ఉంచాలనిపిస్తే అప్పుడు చూస్తాను.

ఇంజను నంబరు రికార్డుతో కలవడం లేదు.

అంబాసిడర్లలో ఇది మామూలే. 1489 సీసీ పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేసిన బండ్లు కోకొల్లలు. 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్పుకు ఆఫీసు అనుమతి ఉండాలి, ఆర్సీలో ఎక్కాలి. అది లేకపోతే వేసిన ఇంజను కొన్న బిల్లు వెతకండి. బిల్లు లేకపోతే ఆ ఇంజను ఏ దొంగ బండిదో తెలియదు. అలాంటప్పుడు అమ్మే మనిషి షెడ్డులో పాత ఇంజను ఇంకా పడి ఉందేమో అడగండి. నాకు అలాగే దొరికింది, వడ్ల బస్తాల వెనక. దాన్నే బోరు చేయించి ఎక్కించాను.

పోలీసు వేలంలో కొన్నాను, ఆర్సీ ఇవ్వలేదు.

మీది తేలిక దారి. ప్రభుత్వం తరఫున జరిగిన వేలంలో కొన్న బండికి ఫారం 32 ఉంది. వేలం ఖరారు ఉత్తర్వు, అమ్మకపు పత్రం జతచేసి 30 రోజుల్లో పెట్టండి. వేలం పాడుకున్న రోజే ఉత్తర్వులో ఛాసిస్ నంబరు సరిగా రాశారో లేదో చూసుకోండి.

తుక్కు కింద కొన్నాను.

రికార్డులో రిజిస్ట్రేషన్ రద్దు అయ్యిందేమో ముందు కనుక్కోండి. రద్దు చేసి తుక్కుగా ఇచ్చేసిన బండిని మళ్లీ రోడ్డెక్కించలేరు. విడిభాగాలకు ఉంచుకోండి. రద్దు కాకుండా కేవలం తుక్కు ధరకు అమ్మి ఉంటే, పైన చెప్పిన దారే.

పని అయ్యేలోపు బండి నడపొచ్చా?

వద్దు. లారీ మీద ఎక్కించి తెచ్చుకోండి. చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5,000 దాకా జరిమానా, రెండోసారి 10,000 దాకా, జైలు కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్స్ లేకపోతే అది వేరే. జరిమానా మాట అలా ఉంచండి, దారిలో ఎవరికైనా తగిలితే ఆ కుటుంబానికి పరిహారం మీ ఇల్లు అమ్మి కట్టాలి.

అమెరికాలో మా తమ్ముడు టైటిల్ లేని పాత మస్టాంగ్ కొన్నాడు. అక్కడ ఎలా?

అక్కడ ఆర్సీ స్థానంలో టైటిల్ అనే యాజమాన్య పత్రం వేరుగా ఉంటుంది, రాష్ట్రానికో పద్ధతి. జార్జియాలో 1985, అంతకుముందు మోడళ్లకు టైటిల్ తప్పనిసరి కాదు. అలాంటి చోట కొన్నట్టయితే అమ్మకపు పత్రం, పాత రిజిస్ట్రేషన్ చూపిస్తే సరిపోవచ్చు. టెక్సాస్‌లో బాండెడ్ టైటిల్ అని ఒక దారి ఉంది. బండి విలువకు ఒకటిన్నర రెట్లకు పూచీ బాండు కొనాలి, మూడేళ్లలో అసలు ఓనరు ఎవరూ రాకపోతే సాధారణ టైటిల్ అవుతుంది. 1981 మోడల్ నుంచే 17 అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది, అంతకుముందువి కంపెనీకో తీరు. వర్మాంట్‌లో పోస్టులో రిజిస్టర్ చేయించుకోవచ్చని పాతవాళ్లు చెప్తారు. వేరే రాష్ట్రాల వాళ్లకు ఆ దారి 2023లో మూసేశారు.

మన దగ్గర బాండు పద్ధతి లేదు. ఉంటే ఎన్నో బండ్లు బతికేవని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఓనరు దొరకని బండికి పూచీకత్తు, కొన్నేళ్ల గడువు, పత్రికా ప్రకటన పెట్టి పేరు మార్చే వీలు ఇక్కడా రావాలి.

ఎంత వెతికినా ఓనరూ వారసులూ దొరకలేదు.

అప్పుడు మిగిలింది కోర్టు. బండి మీద హక్కు మీదేనని ప్రకటించమని సివిల్ దావా వేయొచ్చు. కొన్న రసీదు, బ్యాంకులో కట్టిన రుజువు, పాత ఇన్సూరెన్స్, టాక్సు రసీదులు, వెతికినట్టు రిజిస్టర్డ్ పోస్టు కవర్లు, అన్నీ ఉంచండి. "చిరునామాలో లేరు" అని తిరిగొచ్చిన కవరు కూడా సాక్ష్యమే, చించకండి. ఖర్చు, కాలం చూసుకుంటే మామూలు బండికి ఇది గిట్టదు. అరుదైన బండి అయితేనే దిగండి.

ఏజెంటు కావాలా?

ఫారాలు నింపించుకోవడానికి, కౌంటరు ఎక్కడో తెలుసుకోవడానికి పెట్టుకోండి. అసలు కాగితాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. ప్రతిదీ మూడు జిరాక్సులు. ఇచ్చిన ప్రతి కాగితానికి ఆఫీసు ముద్రతో రసీదు. ఓనరు సంతకం ఖాళీ ఫారం మీద తీసుకోకండి, మీ ముందే నింపి, చదివి వినిపించి తీసుకోండి. ఆ ఖాళీ ఫారాల వల్లే మనం ఇంత తిరుగుతున్నాం.

కొత్త నంబరు వచ్చాక పాత ప్లేటు ఏం చేయాలి?

బండి నుంచి తీసేయాలి, రోడ్డు మీద కనబడకూడదు. ఇంట్లో ఉంచుకోవచ్చు. నాది నల్లరేకు మీద తెల్ల అక్షరాలతో చేత్తో రాసిన ప్లేటు. బళ్ళారి అన్న పోయిన సంక్రాంతికి అమ్మను తీసుకుని వచ్చినప్పుడు ముందు ప్లేటు ఆమెకు ఇచ్చేశాను, కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. వెనకది మా షెడ్డు గోడకు ఉంది.